నల్లబండి పక్క సీటు

పలాసలో నలభై ఏళ్ళకు పైగా బళ్ళు బాగుచేశాను. మోకాళ్ళు మొరాయించాక షెడ్డు మూసేశాను. ఇప్పుడు పొద్దున్నే ఇంటి ముందు కుర్చీ వేసుకుని, రోడ్డు మీద పోయే బళ్ళ చప్పుడు విని వాటి రోగాలు పైకి చెప్పుకోవడం తప్ప వేరే పని లేదు. మా ఆవిడకు ఈ అలవాటంటే ఒళ్ళుమంట.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని ఐటీఐలో పాఠాలు చెప్పే ఒకాయన అడిగాడు. ఇంజను విప్పడం, బిగించడం మీకు ఫోన్లో వీడియోలు నేర్పుతాయి. నాకంటే బాగానే నేర్పుతాయి. కాబట్టి ఆ జోలికి పోను. నా చేతి మీదుగా జరిగిన ఒక బండి మార్పిడి గురించి రాస్తాను. అందులో నేను ఒక్క బోల్టు కూడా తప్పుగా బిగించలేదు. అయినా నా మొత్తం పనిలో అంత పెద్ద తప్పు ఇంకోటి లేదు.

తిరుపతి మేస్త్రి

నాకు పని నేర్పింది టెక్కలిలో తిరుపతి మేస్త్రి. జీపులు, ట్రెక్కర్లు బాగుచేసేవాడు. నోరు మంచిది కాదు. స్పానరు ఒకటి బదులు ఇంకోటి అందిస్తే ఇంటిల్లిపాదినీ కలిపి తిట్టేవాడు. నాకు అతనంటే గౌరవం కంటే భయమే ఎక్కువ. పోయాడు కదా అని ఇప్పుడు మంచివాడని రాయను.

కానీ అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. అది నేను ఇంకెక్కడా చూడలేదు. ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. డ్రైవరునే నడపమని, తను వెనక జనం కూర్చునే చోట కూర్చుని, ఒక రౌండు తిరిగి వచ్చేవాడు. ఆ తర్వాతే చేతికి పానా తీసుకునేవాడు.

ఒకసారి ఏజెన్సీ వైపు తిరిగే జీపు వచ్చింది. బ్రేకులు చూడమన్నాడు డ్రైవరు. మేస్త్రి వెనక కూర్చుని వెళ్ళొచ్చి, బ్రేకుల సంగతి తర్వాత, వెనక స్ప్రింగు పట్టీ విరిగిందన్నాడు.

"రోజూ నడిపీవోడిని, నాకు తెలీదేటి?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు ముందల మెత్త మీద కూకున్నావు. నీకేటి తెలస్తాది? ఎనకాల కూకున్న ముసిల్దాని నడుముని అడుగు, అది సెప్తాది" అన్నాడు మేస్త్రి.

విప్పి చూస్తే పట్టీ రెండు ముక్కలై ఉంది. పలాసలో సొంత షెడ్డు పెట్టాక నేను కూడా చాలా ఏళ్ళు అలాగే వెనక కూర్చుని చూశాను. తర్వాత స్కానరు వచ్చింది. బండికి వైరు తగిలిస్తే చాలు, ఎక్కడ ఏం తేడా ఉందో అదే తెర మీద చూపిస్తుంది. ఇక వెనక కూర్చోవడం మానేశాను. బోలెడు టైము కలిసొచ్చిందని సంబరపడ్డాను కూడా.

కూర్మారావు కారు

కూర్మారావుకు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఇల్లు మాత్రం వజ్రపుకొత్తూరు వెళ్ళే దారిలో, కొబ్బరి తోటల మధ్య. దూరపు చుట్టరికం మీద నేను బావా అని పిలుస్తాను. అతను నన్ను అందరిలాగే మేస్త్రీ అంటాడు.

జీడి బాగా కలిసొచ్చిన ఏడాది విశాఖపట్నం వెళ్ళి ఒక నల్లటి కారు తెచ్చాడు. టర్బో పెట్రోలు ఇంజను, నేలకు ఆనుకుని ఉండే ఒళ్ళు, రెండు పక్కలా ఎత్తుగా లేచి మనిషిని ఇరికించి పట్టుకునే సీట్లు. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోయేది. హైవే మీద అతను వస్తుంటే షెడ్డులో ఉన్న నాకు కనబడక ముందే వినబడేది. స్పీడు బ్రేకరు వచ్చిందంటే మాత్రం కింద గీసుకుంటుందని ముసలమ్మను దాటించినట్టు దాటించేవాడు.

నిజం చెప్పాలంటే నాకు ఆ కారంటే మొదటి నుంచీ కడుపుమంటే. మా రోడ్లకు అంత ఇంజను ఎందుకని నలుగురి ముందూ అనేవాణ్ణి. అసలు సంగతి వేరు. దాన్ని విప్పాలంటే నాకు భయం. నా షెడ్డులో దానికి సరిపోయే పనిముట్లు లేవు. తెలియని బండిని తిట్టడం మా పనిలో అందరూ చేసేదే, మీరూ చేస్తారు.

తర్వాత అతని భార్య నీలవేణికి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఈ జబ్బు గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, ప్రతి ఇంటివాళ్ళకూ ఎవరో ఒకరు గుర్తొస్తారు. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్‌. పొద్దున్న తీసుకెళ్ళాలి, నాలుగు గంటలు మిషను మీద ఉండాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. రోజుకు తాగే నీళ్ళు కూడా చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకునేది. కూర్మారావు ఆమెను ఆ నల్లకారులోనే తిప్పాడు కొన్ని నెలలు.

ఒకరోజు పొద్దున్నే షెడ్డుకు వచ్చి బండి దిగకుండానే అన్నాడు.

"మేస్త్రీ, దీన్ని అమ్మీద్దాం. ఇంత కిందకుంటే నీలవేణి ఎక్కలేకపోతన్నాది. గోతిలో పడితే ఎముకలు కదిలిపోతన్నాయి. అదేటీ అనదు గానీ నాను సూడలేకపోతన్నాను."

నాకు ఆ మాట ఎంత ఇంపుగా వినబడిందో! నేను మొదటి నుంచీ అంటున్నదే నిజమని అతనితో ఒప్పించుకున్నట్టయింది.

"సిన్న డీజిలు బండి తీసుకో బావా" అన్నాను. "వారానికి మూడు తిరుగుళ్ళు. నూనె తక్కువ తాగుతాది, ఎత్తుగా ఉంటాది, మెత్తగా ఎల్తాది. ఇది మగాళ్ళ సరదా బండి. రోగం మనిసికి పనికి రాదు."

మార్పిడి

వారం తిరక్కుండా వెతికిపెట్టాను. ఒక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ అమ్ముతున్న చిన్న డీజిల్ కారు, తెల్లది. అతను రోజూ ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా హైవే మీద తిరిగేవాడు. స్కానరు తగిలించాను, ఒక్క తప్పూ చూపించలేదు. కూర్మారావును పక్కన కూర్చోబెట్టుకుని టెక్కలి దాకా నేనే నడిపాను. ఇంజను మెత్తగా, ఎక్కడా తడబాటు లేకుండా లాగింది.

"బంగారం లాంటి బండి బావా, కళ్ళు మూసుకుని తీసీసుకో" అన్నాను.

పైన రాసిన ఈ నాలుగు వాక్యాల్లోనే నా తప్పులన్నీ ఉన్నాయి. కావాలంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవండి. బండిని నేను నడిపాను. హైవే మీద నడిపాను. ఎవరి కోసం కొంటున్నామో ఆ మనిషి ఇంట్లో ఉంది.

నల్లకారును బరంపురం అతను ఒకడు తీసుకున్నాడు. వాళ్ళింటి దగ్గరే తాళాలు చేతులు మారాయి. నీలవేణి గుమ్మంలో నిలబడి చూసింది. నల్లకారు తోటల మలుపు దాటేదాకా చూసి, లోపలికెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చి తెల్లబండికి బొట్టు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు కూడా ఆమే పెట్టింది. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. సంతోషంగానే ఉందనుకుని వాళ్ళింట్లో టీ తాగి వచ్చేశాను.

గేటు దగ్గర

ఇప్పుడొచ్చే డీజిల్ బళ్ళలో పొగగొట్టానికి ఒక ఫిల్టరు ఉంటుంది. మసి అంతా అందులో చిక్కుకుంటుంది. బండి వేడెక్కి కాస్త వేగంగా, ఆగకుండా వెళ్తుంటే ఆ మసిని బండే కాల్చుకుని శుభ్రం చేసుకుంటుంది. ఆ సమయంలో ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఇంజను ఆపకూడదు. ఆపితే సగం కాలిన మసి అలాగే ఉండిపోతుంది.

ఇదంతా నాకు ఆరోజు తెలియదా అంటే, తెలుసు. ఒక మీటింగులో చెప్పారు, తలూపాను, బిర్యానీ తిని వచ్చాను. నా చేతులకు మాత్రం పాత డీజిల్ బళ్ళే గుర్తున్నాయి. ఫ్యాను హోరుమని వాసన వస్తే ఇంజను ఉడికిపోతోందని అర్థం, వెంటనే ఆపాలి. రైల్వే గేటు పడితే బండి ఆపాలి, నూనె దండగ. ఈ రెండు మాటలూ కూర్మారావుకు నేనే నూరిపోశాను. అతను నా మాట తు.చ. తప్పకుండా పాటించే మనిషి.

వాళ్ళ ఇంటి నుంచి పలాసకు తోటల మధ్య సందు రోడ్డు, అడుగడుగునా స్పీడు బ్రేకరు. భార్యకు కుదుపు తగలకూడదని ఇంకా మెల్లగా నడిపేవాడు. బండి వేడెక్కి మసి కాల్చుకోవడం మొదలుపెట్టే వేళకు గేటు వచ్చేది. గేటు పడి ఉంటే తాళం తిప్పేసేవాడు. ఒకసారి ఫోను కూడా చేశాడు.

"మేస్త్రీ, గేటు కాడ బండి నిలబెట్టినా ఫ్యాను హోరెత్తిపోతన్నాది. ఏదో కాలిన కంపు. ఏటి సెయ్యమంటావు?"

"బేగి ఇంజను ఆపీ బావా. సల్లారినాక తియ్యి" అన్నాను.

అలా నెలల తరబడి ఆ ఫిల్టరును నా నోటితో నేనే పూడ్చాను.

వానాకాలంలో ఒక రోజు పొద్దున్న, దారి మధ్యలో మీటర్ల దగ్గర హెచ్చరిక లైటు వెలిగి, బండి పట్టు వదిలేసింది. ఎంత తొక్కినా సైకిలు వేగమే. మళ్ళీ నాకే ఫోను.

"ఆటో పిలవమంటావేటి?"

"ఎందుకు బావా, వానలో ఆటోలో తడిసిపోతాది సెల్లి. మెల్లగా తోలుకొచ్చీ, ఏటీ అవదు" అన్నాను.

వాళ్ళు మెల్లగా వచ్చారు. గేటు పడింది. డయాలసిస్ సెంటరు చేరేసరికి ఆమె మంచం మీద వేరే మనిషిని ఎక్కించారు. సెంటరు వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళకు ఒకరి వెనక ఒకరు కాచుకుని ఉంటారు. మధ్యాహ్నం ఖాళీ అయ్యాక నీలవేణిని ఎక్కించారు గానీ పూర్తి నాలుగు గంటలు ఇవ్వలేకపోయారు. రెండోరోజుకు ఆయాసం వచ్చింది. శ్రీకాకుళం తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. వారానికి కోలుకుని వచ్చింది గానీ తర్వాత మునుపటిలా లేచి తిరగలేదు.

తెల్లబండిని శ్రీకాకుళంలో కంపెనీ వర్క్‌షాపుకు చేర్పించాను. అక్కడి మెకానిక్ నా కొడుకు వయసువాడు. స్కానరు తీయక ముందే అడిగాడు: "ఈ బండి రోజూ ఎక్కడ తిరుగుతుందండీ?" నేను కొనిపించే ముందు అడగని ప్రశ్న అదే. సిగ్గుతో చచ్చిపోయాను. అది సిగ్గుతో పోయే విషయం కాదని నాకు తర్వాత అర్థమైంది.

నీలవేణి మాట

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఫ్యాక్టరీలో లోడు దిగే పనిలో కూర్మారావు చిక్కుకున్నాడు. డయాలసిస్ అయ్యాక నీలవేణిని, ఫిల్టరు బాగుచేయించి తెచ్చిన తెల్లబండిలో ఇంటికి చేర్చే పని నాకు పడింది. పక్క సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. సగం దారిలో తెరిచింది.

"అన్నియ్యా, ఈ బండి నువ్వే కొనిపించినావంట కదా?"

"ఔనమ్మా. ఏం, బాగోలేదేటి?"

"బాగోలేదని ఎవలన్నారు? బాగున్నాది." సీటు అంచు చేత్తో తడిమింది. "ఆ నల్లబండి సీటు ఒళ్ళంతా పట్టుకునీది. మిషను దిగినాక ఒంట్లో ఏటీ మిగలదు కదా, ఎవలో ఒళ్ళో కూకోబెట్టుకున్నట్టుండీది. దీన్లో మలుపు మలుపుకీ నానే బిగబట్టుకోవాల."

"మరి అది కుదిపీసీదని బావ..."

"కుదుపు రోడ్డుది గాదేటి అన్నియ్యా? ఏ బండెక్కితే మారతాది? అదయితే బేగి ఇంటికి సేర్చీసీది."

ఆమే మళ్ళీ అంది, కొంచెం నవ్వుతూ.

"ఇంకోటి సెప్తే నవ్వుతావు. ఆ బండి దిగితే సెంటరు కాడ వాచ్‌మేను లెగిసి నిలబడీవోడు. కూర్మారావుగారి ఇంటావిడొచ్చినాదనీవోరు. ఇప్పుడు మూడో మంచం ఆవిడొచ్చినాదంటన్నారు."

"అమ్మినప్పుడే ఈ మాట సెప్పుంటే బాగుండు కదమ్మా?"

"నన్నెవలడిగినారు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే తిట్టిందనుకుని ఊరుకునేవాణ్ణి. తప్పు నాదేనని, బావకు ఇవాళే చెబుతానని అన్నాను. ఆమె చప్పున లేచి కూర్చోబోయింది.

"వొద్దన్నియ్యా. ఎంతో ఇట్టంగా కొనుక్కున్నాడు. నాకోసమనీసి వొగ్గీసుకున్నాడు. అది నాకు పనికి రానేదని తెలిస్తే ఇంకేటి మిగుల్తాది ఆయనికి? నామీద ఒట్టు."

ఒట్టు పెట్టించుకుంది. చలికాలం రాకముందే పోయింది. ఆ వానరోజుకూ చావుకూ సంబంధం లేదని డాక్టరు కూర్మారావుతో అన్నాడట. డాక్టరు మాట నాకూ చెప్పాడు కూర్మారావు, నన్ను ఓదార్చడానికే. నేను ఓదార్పు పొందలేదు.

ఫిల్టరు

షెడ్డు మూసేశాక నాకు మిగిలిన పని ఒక్కటే. వారానికోసారి కూర్మారావు తెల్లబండి వేసుకుని వస్తాడు. హైవే ఎక్కి ఇచ్ఛాపురం వైపు ఒక అరగంట ఆగకుండా వెళ్ళి వెనక్కి వస్తాం, ఫిల్టరు పూడకుండా. ఆమె ఉన్నప్పుడు చేయవలసిన పని ఇప్పుడు ఇంత శ్రద్ధగా చేస్తున్నాం. పక్క సీటు ఆమె వాల్చుకున్నట్టే ఉంటుంది. నిటారుగా పెట్టనివ్వడు. అందుకని నేను అతని వెనకాల కూర్చుంటాను. తిరుపతి మేస్త్రి కూర్చునే చోట అన్నమాట. ఇన్నాళ్ళకు.

ప్రతిసారీ కంచిలి దాటేలోపు ఒకే ప్రశ్న అడుగుతాడు.

"ఆ బండి అమ్మీసి ఒక్క మంచి పనయినా సేసినాను కదా మేస్త్రీ? ఉన్నన్నాళ్ళూ సుకంగా ఎల్లొచ్చినాది."

ప్రతిసారీ "ఆఁ బావా" అనేవాణ్ణి. పోయిన నెల అనలేకపోయాను. వీపు చూస్తూ మాట్లాడటం తేలిక కాబట్టి మొత్తం చెప్పేశాను. సీటు సంగతి, వాచ్‌మేను సంగతి, మూడో మంచం సంగతి, ఒట్టు సంగతి. ఫ్యాను హోరెత్తితే ఆపమని చెప్పింది తప్పని అతనికి తెలుసు, అయినా అదీ మళ్ళీ చెప్పాను. చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట తప్పాను. మంచి పనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

కూర్మారావు తల తిప్పలేదు. వేగం తగ్గించలేదు, పెంచలేదు. పలాస తిరిగొచ్చి, నన్ను దింపకుండానే వాళ్ళ ఊరి దారి పట్టాక గేటు పడింది. సరిగ్గా అప్పుడే ఫ్యాను హోరు మొదలైంది, కాలిన వాసన వచ్చింది. అతని చెయ్యి అలవాటుగా తాళం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. గూడ్సు బండి వెళ్తూనే ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. అతని భుజాలు కదలడం వెనక నుంచి చూశాను. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం గేటు లేచేదాకా అలాగే ఉన్నాం.

"ఆ నల్లబండి ఇప్పుడు ఎవల కాడున్నాదో కనుక్కో" అన్నాడు.

"మళ్ళీ కొంటావేటి బావా?"

"కొన్ను. ఆ పక్క సీట్లో ఒకపాలి కూకుంటాను. ఎప్పుడూ స్టీరింగు కాడే గానీ, నాను అటు కూకోనేదు."

కనుక్కున్నాను. బరంపురం అతని దగ్గరే ఉంది. సీట్లు మార్చలేదట. సంగతి చెబితే, తను నడుపుతానని, ఎంత దూరమైనా తిప్పి తెస్తానని అన్నాడు, మంచివాడు. ఈ ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాం.

కొత్తగా షెడ్డు పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. బండి ఎవరి కోసమో వాళ్ళను పిలిచి, ఎక్కించి, తిప్పి, అడగండి. వాళ్ళు ఏమీ అనరని మగవాళ్ళు చెబితే నమ్మకండి. అడిగితే అంటారు.

ఆ సీటు కూర్మారావుకు ఏం చెబుతుందో నాకు తెలుసు. అందుకే ఈ రెండు రోజులుగా నాకు నిద్ర సరిగ్గా లేదు. రావద్దన్నాడు గానీ నేనూ వెళ్తున్నాను. నల్లబండిలో అతని వెనక సీట్లో కూర్చుంటాను.